కోరాపుట్ కాఫీ: గుప్పెడు గింజలు, ఇనప మూకుడు, ఆరుబయట పొయ్యి

నమస్కారం అండీ. సాలూరు ఘాట్ ఎక్కి, సుంకి దాటి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ వచ్చే రోడ్డు మీలో చాలామందికి తెలిసిందే. ఆ రోడ్డు దిగి ఒడిశాలోని కోరాపుట్ జిల్లా కొండవాలు ఊళ్లలోకి వెళ్తే కాఫీ తోటలు కనిపిస్తాయి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల పాదులు, ఆ నీడలో కాఫీ మొక్కలు. అంతా అరబికా రకమే. అయినా ఇక్కడి టీ కొట్లో కాఫీ అడిగితే ఎక్కువచోట్ల ఇన్‌స్టంట్ పొడి పాలలో కలిపి ఇస్తారు. కొట్టువాళ్ల తప్పు లేదు, అడిగేవాళ్లు లేరు. కానీ పక్క కొండ మీద పండిన గింజ మన గ్లాసులోకి రాకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఈరోజు ఆ గింజను మనమే వేయించుకుందాం. ఒక్కసారికి 200 గ్రాములు, అంతకు మించి వద్దు.

ఈ పంట ఇక్కడికి ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. 1930 ప్రాంతంలో జయపురం రాజు రామచంద్రదేవ్ ఈ కొండల మీద కాఫీ మొక్కలు నాటించారని చెప్తారు. తర్వాత మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం వచ్చింది, 1955లో కరెంటు మొదలైంది. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న ప్రాజెక్టు అది. మన తెలుగు కుటుంబాలు చాలా ఆ పనుల మీదే ఇటు వచ్చాయి. కొండవాలు మట్టి కొట్టుకుపోయి రిజర్వాయరు పూడిపోకుండా చూడాలని భూసంరక్షణ శాఖ వాళ్లు ఆ చుట్టుపక్కల కాఫీ నాటించారు. మట్టిని పట్టి ఉంచడానికి పెట్టిన మొక్క తర్వాత గిరిజన రైతుకి పంట అయింది. ఇప్పుడు ఒడిశా రాష్ట్ర గిరిజన సహకార సంస్థ ఆ పంట కొని కోరాపుట్ కాఫీ పేరుతో ప్యాకెట్లు అమ్ముతోంది. దొరికితే తప్పకుండా కొనండి. మనం మాత్రం వేయించని గింజ దగ్గర నుంచి మొదలుపెడదాం.

రైతు దగ్గర మీకు దొరికేది పార్చ్‌మెంట్. పండు తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి, ఎండబెట్టిన గింజ. దాని మీద గవ్వరంగు పెంకు పల్చగా ఉంటుంది. రోట్లో వేసి రోకలితో మెల్లగా, గింజ నలగకుండా దంచి చాటలో చెరిగితే ఆ పెంకు పోతుంది. లోపల బూడిద పచ్చ రంగులో గింజ ఉంటుంది. వాసన చూడండి, పచ్చిగడ్డి వాసన. కాఫీ వాసన ఇంకా ఎక్కడా లేదు, అదంతా పొయ్యి మీదే పుట్టాలి.

వంటింట్లో మాత్రం చేయకండి. పొగ గట్టిగా వస్తుంది, పొట్టు ఎగిరి ఇల్లంతా పడుతుంది. పెరట్లోనో డాబా మీదో పొయ్యి పెట్టుకోండి. మందపాటి ఇనప మూకుడు కావాలి, నాన్‌స్టిక్ పనికిరాదు. చలికాలం పొద్దున్న ఇక్కడ గాలి ఎలా కోస్తుందో మీకు తెలుసు కదా. ఆ గాలి మూకుడు వేడిని లాగేస్తుంది. మూడు వైపులా ఇటుకలు పేర్చి గాలి ఆపండి. వేపుతుండగా మధ్యలో వేడి పడిపోతే గింజ రంగు మారుతుంది గానీ రుచి చప్పబడిపోతుంది. పైకి చూస్తే తెలీదు, తాగితే తెలుస్తుంది.

మూకుడు బాగా కాగాక గింజలు పోయండి. ఇక అట్లకాడ ఆగకూడదు. ఫోన్ మోగినా ఎత్తకండి. మొదటి నాలుగైదు నిమిషాలు పెద్దగా ఏమీ జరగదు. పచ్చి గింజలో పది పన్నెండు శాతం తేమ ఉంటుంది, ముందు అది పోవాలి. రంగు పసుపులోకి తిరుగుతుంది, కాల్చిన రొట్టె వాసన వస్తుంది. తర్వాత గోధుమ రంగు. గింజ మీద సన్నటి పొర ఊడి పొట్టుగా రాలుతుంది. ఇక్కడి నుంచి కళ్లతో పాటు చెవులు కూడా పెట్టండి.

వినండి... టప్, టప్. విన్నారా? దీన్ని ఫస్ట్ క్రాక్ అంటారు. గింజ వేడి దాదాపు 196 డిగ్రీలకి చేరేసరికి లోపలి ఆవిరి ఒత్తిడికి గింజ పగులుతుంది, కాస్త ఉబ్బుతుంది కూడా. ఇలా మూకుట్లో వేపితే ఎనిమిది, పది నిమిషాలకి ఈ శబ్దం వస్తుంది. మంట కొంచెం తగ్గించండి. చప్పుళ్లు ఒత్తుగా వచ్చి, పల్చబడి, ఆగిపోతాయి. ఆగాక ఇంకో నిమిషం, నిమిషంన్నర వేపి దించేస్తే మీడియం రోస్ట్. ఈ కొండల అరబికాకి నాకు నచ్చేది అదే. పులుపు కొద్దిగా ఉంటుంది, తీపి తెలుస్తుంది, చేదు మీద పడదు. ఇంకా ఉంచితే రెండోసారి చిటపటలు వస్తాయి, గింజ మీద నూనె తేలుతుంది. అప్పుడు మీకు వచ్చేది మాడు రుచి. గింజ ఏ కొండదైనా మాడు రుచి ఒకటే. అంత కష్టపడి నీడలో పెంచిన గింజను ఆ దాకా తీసుకెళ్లకండి అని నా మనవి.

దించగానే చాటలో పోసి చెరగండి. ఇదే ఆరుబయట వేపడంలో అసలు లాభం. ఇందాక ఇబ్బంది పెట్టిన గాలే ఇప్పుడు పొట్టు ఎగరగొడుతుంది, గింజను చల్లారుస్తుంది కూడా. నాలుగైదు నిమిషాల్లో చెయ్యి పెట్టేలా చల్లారాలి, లేదంటే తన వేడికి తనే ఇంకా వేగుతుంది. తూచి చూడండి, 200 గ్రాములు 170 దగ్గరికి వస్తుంది.

ఇప్పుడు ఈ చాటలోకి దగ్గరగా చూడండి. అన్నీ గోధుమ రంగులో ఉంటే అక్కడక్కడ కొన్ని పాలిపోయి కనిపిస్తున్నాయి కదా. ఎంత వేపినా వాటికి రంగు రాదు. పొట్టంగి వైపు తోట ఉన్న ఒక పెద్దాయన మా పెరట్లో కూర్చుని ఇవి ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇవి పచ్చికాయలు బాబూ, పండకుండా కోసేసినవి. ఒక కొమ్మకి మూడుసార్లు తిరగాలి, కూలి దొరక్క ఒక్కసారే దూసేస్తాం" అన్నాడు. ఆయన ఏళ్ల తరబడి కాఫీ పండిస్తున్నాడు, ఇంట్లో తాగేది చోడి అంబలి. తన తోట గింజ వేగాక ఎలా ఉంటుందో ఆయనకి ఎవరూ చూపించలేదు. తెల్ల గింజలు ఏరేసి ఒక కాఫీ, ఏరకుండా ఒక కాఫీ పెట్టి ఇచ్చాను. రెండోది తాగి, పల్లీ పొట్టు నమిలినట్టుంది అన్నాడు. మీకు తెలిసిన రైతు దగ్గర గింజ కొంటే, వేపాక ఒక పొట్లం ఆయనకే తిరిగి ఇవ్వండి. పండినవే కోస్తే ఏమొస్తుందో నాలుకతో తెలియాలి. ధర మాట్లాడేటప్పుడు కూడా అది ఆయనకి పనికొస్తుంది.

వేపిన వెంటనే తాగేయాలని ఉంటుంది. ఆగండి. గింజలో బొగ్గుపులుసు వాయువు నిండి ఉంటుంది. అప్పుడే పొడి కొడితే నీళ్లు పోయగానే బుసబుసా పొంగుతుంది, సారం సరిగ్గా దిగదు. మొదటి పూట సీసా మూత వదులుగా ఉంచి, తర్వాత బిగించండి. మూడో రోజు నుంచి బాగుంటుంది, రెండు మూడు వారాల్లో తాగేయాలి. అందుకే 200 గ్రాములన్నాను. పొడి మాత్రం ఏ పూటకి ఆ పూటే.

ఇక బయట తాగడం. సంచిలో చిన్న స్టవ్, మూతున్న గిన్నె, పల్చటి గుడ్డ, చేత్తో తిప్పే మర ఉంటే చాలు. స్టీలు ఫిల్టర్ ఇంట్లో బాగుంటుంది గానీ కొండ మీద డికాక్షన్ దిగేలోపు చల్లారిపోతుంది. 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల దాకా నీళ్లు. పొడి బొంబాయి రవ్వలా ఉండాలి. నీళ్లు పోసి, ఒకసారి కలిపి, మూత పెట్టి నాలుగు నిమిషాలాగి గుడ్డతో వడకట్టండి.

దేవమాలి వెళ్లేవాళ్లకి ఒక సంగతి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ అది, 1672 మీటర్లు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే పైన నీళ్లు 94, 95 డిగ్రీలకే మరుగుతాయి. కాఫీకి సరిగ్గా కావలసిన వేడి అది. విశాఖ బీచ్‌లో అయితే మరిగాక అర నిమిషం ఆగాలి, దేవమాలి మీద మరుగుతున్న నీళ్లే పోసేయొచ్చు. మొదటి రెండు గుక్కలు పాలు, పంచదార లేకుండా తాగి చూడండి. తర్వాత మీ ఇష్టం. పిప్పి, కాగితం కప్పులు అక్కడ పడేయకండి, సంచిలో వేసుకుని దిగండి.

గింజలు ఎప్పుడు అడగాలంటే, ఇక్కడ కోత నవంబర్‌లో మొదలవుతుంది. ఆరి, పెంకుతో ఉన్న కొత్త గింజ ఫిబ్రవరి, మార్చికల్లా రైతుల ఇళ్లలో ఉంటుంది. అప్పుడే రెండు, మూడు కిలోలు తీసుకుని పెంకు తీయకుండా దాచుకోండి. వానలు పడ్డాక తీసుకుంటే గింజకి తేమ పట్టి రంగు వెలిసిపోయి ఉండొచ్చు, చూసి తీసుకోండి.