బొమ్మ అంటుంది, ఏ బొమ్మో చెప్పదు

శ్రోతలకు నమస్కారం. ముందుగా ఒక వెబ్‌సైట్‌ని చదివి వినిపిస్తాను. కాస్త శ్రద్ధగా వినండి.

"గ్రాఫిక్, బ్యానర్ రెండు న్యూ ఫైనల్. లింక్ గ్రాఫిక్, ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు సున్నా రెండు నాలుగు సున్నా ఆరు ఒకటి ఒకటి. లింక్ గ్రాఫిక్, ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు సున్నా రెండు నాలుగు సున్నా ఆరు ఒకటి రెండు. బటన్. బటన్. బటన్."

ఏమైనా అర్థమైందా? అది ఒక కోర్సుకు దరఖాస్తు చేసుకునే పేజీ. చూపున్నవాళ్లకు పైన కాలేజీ ఫోటో కనిపిస్తుంది. దాని కింద రెండు బొమ్మలు. ఒకటి ఫీజు కట్టడానికి, ఇంకోటి హాల్‌టికెట్ తీసుకోవడానికి. ఆ కింద మూడు బటన్లు. నాకు వినిపించింది మాత్రం ఇప్పుడు మీరు విన్నదే.

నాకు చూపు లేదు. కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఏముందో స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. నేను ఆఫీసులో వాడేది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. ఆయనకీ చూపు లేదు. డబ్బు పోసి స్క్రీన్ రీడర్ కొనుక్కోలేనివాళ్ల కోసం దాన్ని ఉచితంగా ఇచ్చారు. నా సొంత కంప్యూటర్‌లో మొదటిసారి అది మాట్లాడిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

మౌస్‌తో మాకు పనిలేదు. అంతా కీబోర్డే. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, బి నొక్కితే తర్వాతి బటన్, జి నొక్కితే తర్వాతి బొమ్మ. అక్షరాలున్నంతసేపు స్క్రీన్ రీడర్ గడగడా చదివేస్తుంది. బొమ్మ దగ్గరకొచ్చేసరికి దాని నోరు పడిపోతుంది. పేజీ తయారుచేసినవాళ్లు బొమ్మ వెనకాల, కోడ్‌లో, ఒక చిన్న మాట రాసిపెట్టి ఉంటే ఆ మాట చదువుతుంది. దాన్నే ఆల్ట్ టెక్స్ట్ అంటారు. అది కంటికి కనిపించదు, మా చెవికి వినిపిస్తుంది. రాయకపోతే, మామూలు బొమ్మను చాలాసార్లు ఏమీ చెప్పకుండా దాటేస్తుంది. అక్కడొక బొమ్మ ఉందన్న సంగతే మాకు తెలియదు. ఆ బొమ్మే లింకయితే దాటేయడానికి వీల్లేదు కదా, ఫైలు పేరో, లింకు చిరునామా తోకో పట్టుకుని చదువుతుంది. ఐఎంజీ అండర్‌స్కోర్ వచ్చింది అలాగే.

మరి మీరెలా నెట్టుకొస్తున్నారు అని అడుగుతారు. ఎక్కువగా ఊహించి. సెర్చ్ పెట్టె పక్కన పేరులేని బటన్ ఉంటే అది వెతికే బటనే అయ్యుంటుంది. పేజీలో అన్నిటికన్నా పైనున్న బొమ్మ లింకు సాధారణంగా సంస్థ లోగో. ఫైలు పేరులో 'కార్ట్' అనో 'ప్రింట్' అనో వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఫైలుకు బుద్ధిగా పేరు పెట్టిన, ఊరూ పేరూ తెలియని ఆ ఇంజనీరుకు నేను చాలాసార్లు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఏ ఆధారమూ లేకపోతే నొక్కి చూడటమే. ఎక్కడ తేలామో వినడం, కాదనుకుంటే వెనక్కొచ్చి పక్కది నొక్కడం. తెలిశాక గుర్తుపెట్టుకోవడం, ఫలానా యాప్‌లో కింద నుంచి మూడోది డబ్బు పంపే బటన్ అని. జాస్ అనే స్క్రీన్ రీడర్‌లో, ఫోన్లలోని టాక్‌బ్యాక్, వాయిస్ ఓవర్‌లలో పేరులేని బటన్‌కు మనమే ఒక పేరు తగిలించుకునే వీలుంది. నేనూ ఓపిగ్గా తగిలించుకున్నాను. ఒకరోజు రాత్రి యాప్ అప్‌డేట్ అయింది. పొద్దున్నే చూస్తే నేను పెట్టిన పేర్లు లేవు, మూడో బటన్ కాస్తా ఐదోదైంది. మళ్లీ ఓనమాల దగ్గర్నుంచి.

ఇలా ఊహించడం కూడా ఒక పనే. పది నిమిషాల పనికి గంట పడుతుంది. ఆ గంట తర్వాత కూడా తప్పు కావచ్చు. ఆదివారాల్లో నేను చూపులేని పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంటాను. డిగ్రీ చదివే ఒకమ్మాయి ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు నింపుతోంది. నాలుగు పేజీలు, గంటకు పైనే పట్టింది. చివర రెండు బటన్లున్నాయి, రెంటికీ పేరు లేదు. "సార్, ఏది నొక్కమంటారు?" అంది. మామూలుగా సబ్మిట్ బటనే ముందుంటుంది, మొదటిది నొక్కమ్మా అన్నాను. నింపిందంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. కాసేపటికి మళ్లీ మొదటి పేజీలో తన పేరు టైపు చేస్తున్న కీల చప్పుడు వినిపించింది. సార్‌కి తెలుసనే నమ్మకంతో నొక్కింది. నాకు తెలియదు, ఊహించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బొమ్మలో అక్షరాలుంటే ఓసీఆర్ అనే సదుపాయం కొంత ఆదుకుంటుంది. ఎన్‌వీడీఏ కీ పట్టుకుని ఆర్ నొక్కితే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి చదువుతుంది. ఇంగ్లీషుకు ఇది బాగా పనికొస్తుంది. తెలుగుకు వేరే యాప్‌లు వెతుక్కోవాలి, అవీ తడబడతాయి. మన 'ప'కూ 'వ'కూ మధ్య తేడా ఎంత? తలకట్టు దగ్గర చిన్న సందు. స్కాన్ కాస్త మసకగా ఉంటే 'వద్దు' పద్దవుతుంది. 'మామ' మాయవుతాడు. ఒత్తులూ గుణింతాలూ ఒకదానికొకటి అతుక్కుంటే ఇక చెప్పనక్కర్లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఏమిటంటే, ఇలా బొమ్మగా వచ్చే నోటిఫికేషన్‌ను మొదట ఎవరో కంప్యూటర్‌లో శుభ్రంగా టైపు చేసే ఉంటారు. అలాగే పెట్టి ఉంటే మా స్క్రీన్ రీడర్ చదివేసేది. దాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, బొమ్మగా మార్చి మరీ పెడతారు.

ఈమధ్య ఏఐ వచ్చింది కదా, ఇంకా ఏం ఇబ్బంది అంటారు కొందరు. నిజమే, చాలా మేలు జరిగింది. 2016లో ఫేస్‌బుక్ ఫోటోల్లో ఏముందో తనంతట తానే చెప్పడం మొదలుపెట్టినప్పుడు 'ఇద్దరు మనుషులు, నవ్వుతున్నారు, ఆరుబయట' అన్నంత మాత్రమే వచ్చేది. దానికే మేం సంబరపడ్డాం. డెన్మార్క్‌లో పుట్టిన బీ మై ఐస్ అనే యాప్ 2015 నుంచి మాలాంటివాళ్లను వీడియో కాల్‌లో చూపున్న వలంటీర్లతో కలుపుతోంది. 2023 నుంచి అందులోనే ఏఐ కూడా ఫోటోలను వర్ణిస్తోంది. చీర రంగు, అంచు మీది బుటాలు, గోడ మీది క్యాలెండర్ అన్నీ చెబుతుంది. నేను రోజూ వాడతాను.

కానీ ఒక సంగతి చెప్పాలి. ఒకరోజు ఉదయం మా బంధువుల గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. కింద ఒక్క మాట కూడా లేదు. ఏఐని అడిగాను. పూలదండల మధ్య నవ్వుతున్న పెద్దాయన చిత్రం, కింద తెలుగులో కొంత రాసి ఉంది అని చెప్పింది. మా పెద్దమామయ్య రిటైరైన రోజులవి. సన్మానం ఫోటో అనుకున్నాను. 'శుభాకాంక్షలు మామయ్యా' అని పెట్టేశాను. రెండు నిమిషాల్లో మా వదిన ఫోన్ చేసింది. "అది శ్రద్ధాంజలి ఫోటో అయ్యా. మామయ్య రాత్రి పోయారు" అంది. నేను పెట్టింది వెంటనే తీసేశాను. ఈలోపు అత్తయ్య చూసిందో లేదో ఇప్పటికీ అడగలేదు.

ఏఐ చెప్పింది అబద్ధమేమీ కాదు. పూలదండలున్నాయి, నవ్వు ఉంది. ఆ ఫోటో ఎందుకు పెట్టారన్నది మాత్రం పెట్టినవాళ్లకే తెలుసు. దాన్ని చెప్పగలిగేది కూడా వాళ్లే.

ఇక మనుషులను అడగడం ఎలాగూ ఉంది. మేనకోడలికి స్క్రీన్‌షాట్ పంపి "ఇదేమిటో చూసి చెప్పమ్మా" అంటే చెబుతుంది. అయితే బ్యాంకు ఖాతా పేజీ అయితే? రక్తపరీక్ష రిపోర్టు అయితే? నా ఒంట్లో ఏముందో నాకన్నా ముందు ఇంకొకరికి తెలియాల్సి వస్తోంది.

ఇది కొత్తగా పుట్టిన కోరిక కూడా కాదు. ఆల్ట్ అనే సదుపాయం, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో 1995 నాటికే ఉంది. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఎలా తయారుచేయాలో చెబుతూ 1999లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో మొట్టమొదటి అంశం ఇదే. అమెరికాలోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన వెబ్‌ఎయిమ్ అనే సంస్థ 2019 నుంచి ఏటా 10 లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తోంది. 2025 వరకు ఏ సంవత్సరం చూసినా సగానికి పైగా పేజీల్లో ఆల్ట్ టెక్స్ట్ లేని బొమ్మలున్నాయి. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు విన్న రోజు చాలా సంతోషించాను. మర్నాడు ఆఫీసుకెళ్లి అవే పేరులేని బటన్లు నొక్కాను.

ఏం రాయాలో తెలియదండీ అంటారు వెబ్‌సైట్లు చేసే కుర్రాళ్లు. రేడియోలో క్రికెట్ కామెంటరీ విన్నవాళ్లకు ఇది తెలిసిన విద్యే. కామెంటేటర్ ప్రేక్షకుల చొక్కాల రంగులు చెప్పుకుంటూ కూర్చోడు. బంతి ఎటు వెళ్లిందో చెబుతాడు. ఒకే చార్మినార్ ఫోటో పర్యాటకుల పేజీలో ఉంటే నాలుగు మీనార్లు, చుట్టూ సంత, సాయంకాలం వెలుగు అని రాయాలి. అదే ఫోటో బస్సుల పేజీలో లింకుగా ఉంటే 'చార్మినార్ వెళ్లే బస్సులు' అంటే చాలు. అందం కోసం పెట్టిన పూల అంచుకు ఆల్ట్‌ను ఖాళీగా వదిలేస్తే స్క్రీన్ రీడర్ దాన్ని దాటేస్తుంది. అన్నీ చదివించినా మాకు తలనొప్పే. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఎక్స్‌లో ఫోటో పెట్టేటప్పుడు ఈ మాట రాసే చోటు ఉంది. వెతికితే దొరుకుతుంది. దొరక్కపోతే ఫోటో కిందే ఒక వాక్యం రాయండి, మాకు అదే పదివేలు.

మా బంధువుల గ్రూపులో ఇప్పుడు కొందరు అలా రాస్తున్నారు. నేనెవర్నీ అడగలేదు. అందరికన్నా క్రమం తప్పకుండా రాసేది మా అత్తయ్య. ఆవిడ ఐదో తరగతి దాకానే చదువుకుంది, టైపు చేయడానికి చాలాసేపు పడుతుంది. మొన్న ఒక ఫోటో పెట్టి కింద ఇలా రాసింది: "పెరట్లో మామిడి చెట్టుకు మొదటి పూత. మీ మామయ్య నాటిందే. ఆకుల కన్నా పూతే ఎక్కువ కనిపిస్తోంది."

సెలవు. నమస్కారం.