గుండ్లకమ్మ ఒడ్డున చదివిన పేర్లు

సంఘ కాపరిగారికి, పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, సెలవులకు ఊరు వచ్చిన పిల్లలకు వందనాలు. వార్షికోత్సవ సందర్భంగా సంఘ చరిత్ర చెప్పమన్నారు. గుడి ఎప్పుడు కట్టారో, గంట ఎవరిచ్చారో మీకు తెలుసు కనుక, నేను బీరువాలో ఉన్న బాప్తిస్మపు రిజిస్టరు గురించి మాట్లాడతాను.

1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకొని మనవాళ్లకు కూలి చూపించారు. గంజి కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం ఏటా చెప్పుకుంటాం. అయితే ఆనాడు ఇద్దరేసి బోధకులు నీళ్లలో నిలబడగా, ఒడ్డు మీద ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. నాకు ఆ సంఖ్య కన్నా ఆ పేర్లే ముఖ్యం.

భట్రాజులు వచ్చి వంశావళి చదివిన ఇళ్లు కావు మనవి. మా ముత్తాత పేరు కరణం లెక్కల్లో ‘గాడు’తో ముగుస్తుంది. సంఘం రిజిస్టరులో అదే పేరు ‘అయ్య’తో ముగుస్తుంది, పక్కన ఆయన తండ్రి పేరు కూడా ఉంది. ఆ తండ్రి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు అరవై ఏళ్లు దాటాక, ఆ గీతల పుస్తకంలో, వెలిసిపోయిన సిరా మీద వేలు పెట్టి మొదటిసారి చదివాను.

మా నాయనమ్మ పుట్టింటి వైపు వెదుకుతూ మరొక సంఘానికి వెళ్లాను. ఆ ఊరి పేరు చెప్పను. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టరులో వధువు తండ్రి పేరు కూడా రాయాలి కనుక, ఆమె తండ్రి పేరు దొరుకుతుందని ఆశపడ్డాను. క్రిస్మస్‌కు సున్నాలు వేయించినప్పుడు పాత పుస్తకాలన్నీ పారేశామన్నారు. వెదికితే ఒక్క అట్ట కనిపించింది, హార్మోనియం కింద ఎత్తుకు పెట్టారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అయ్యా, అమ్మా, దయచేసి మీ ఇళ్లలో పాత బైబిళ్లు ఉంటే మొదటి కాగితాలు ఇవాళే తెరిచి చూడండి. పిల్లల పుట్టిన తేదీలు అక్కడ రాసేవారు. ఫోనులో ఫొటో తీసి పెట్టండి. మన రిజిస్టరును కూడా ఈ నెలలోనే పుటపుటా ఫొటోలు తీయిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటాను.

పాత పేర్లు వీలునామాల్లో కూడా దొరుకుతాయి, ఇక వాటి సంగతి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరైన వీలునామాలను 3వ పుస్తకంలో నమోదు చేస్తారు. రాసిన మనిషి చనిపోయాక ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా నకలు ఇవ్వాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షనులో ఉంది. నన్ను ఒకచోట, నీకు హక్కు ఏమిటని మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి ఆ సెక్షను కాగితం మీద రాసుకొని వెళ్లాను.

అలా దొరికిన వీలునామాలో మా ముత్తాత తన స్వార్జితం అరెకరం పొలాన్ని, పాడిబర్రెను, కంచు చెంబును కొడుక్కూ ఇద్దరు కూతుళ్లకూ పంచి రాయించారు. చనిపోయిన మూడో కూతురి పేరు కూడా చెప్పి, ఆమె బిడ్డను సాకమన్నారు. ఆమె ఒకతె ఉండేదని మాకు అప్పటిదాకా తెలియదు. అలాంటి నకలులో సంతకం రానివారి గుర్తుకు ‘నిశాని’ అని, సంతకానికి ‘వ్రాలు’ అని రాస్తారు. సాక్షుల్లో ఇద్దరికి ‘నిశాని’ అని ఉంది. ముత్తాతకూ అదే ఉంటుందనుకొని కిందికి చూశాను. ఆయన పేరు పక్కన ‘వ్రాలు’ అని ఉంది.