రథానికి కట్టె పెట్టేదెవరు? ఫుట్‌బాల్ మేనేజర్‌లో బ్యాలెన్స్ తప్పిన ట్యాక్టిక్

తెర మీద: ఫోన్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్. స్కోరు 3-4.

రాత్రి పన్నెండున్నరకు చిత్తూరు నుంచి మావాడు పంపినాడు ఇది. కింద ఒకటే లైను: "మామా, మూడు గోల్స్ కొట్టి కూడా ఓడిపోతి. ఈ డిఫెండర్లను అమ్మేస్తా."

అమ్మొద్దురా అన్నాను. తప్పు వాళ్ళది కాదు. పొద్దున తిరుపతిలో మా మేడ మీద కూర్చొని వాడి సేవ్ ఫైల్ తెరిచి చూస్తే సంగతి అర్థమైంది. ఆట ఫుట్‌బాల్ మేనేజర్ 2024. కోచ్‌లాగా జట్టును నడిపించే కంప్యూటర్ గేమ్ ఇది: ఎవరు ఎట్లా ఆడాలో మనం చెప్తాం, మ్యాచ్ కంప్యూటరే ఆడిస్తుంది.

తెర మీద: ట్యాక్టిక్స్ పేజీ, 4-2-3-1.

ఫార్మేషన్‌కు, అంటే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, వాళ్ళ ముందు ముగ్గురు, పైన ఒకడు నిలబడే తీరుకు, ఏం రోగం లేదు. చూడాల్సింది ఒక్కో ఆటగాడి కింద రాసున్న రోల్, దాని పక్కనుండే డ్యూటీ. రోల్ అంటే వాడు చేసే పని, డ్యూటీ అంటే ఆ పనిలో ఎంత ముందుకు పోవాలనేది. ముఖ్యమైన డ్యూటీలు మూడు: డిఫెండ్, సపోర్ట్, అటాక్. ఇప్పుడు మావాడి అటాక్‌లు లెక్కపెడదాం. వెనక కుడి అంచున ఆడే రైట్ బ్యాక్‌ది వింగ్ బ్యాక్, అంటే అంచు వెంబడి పైకి పోయే రోల్, అటాక్. లెఫ్ట్ బ్యాక్‌దీ అదే. ముందు రెండు అంచుల్లో లోపలికి కోసే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు, ఇద్దరూ అటాక్. మధ్యలో స్ట్రైకర్ వెనక నుంచి గోల్‌కు ఉరికే షాడో స్ట్రైకర్, పైన స్ట్రైకర్‌గా అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్. ఈ రెండు రోల్స్‌కు అటాక్ తప్ప వేరే డ్యూటీనే లేదు. మొత్తం ఆరుగురు. ఇది చాలదన్నట్టు టీమ్ మెంటాలిటీ, అంటే జట్టంతా ఎంత దూకుడుగా ఆడాలనేది కూడా అటాకింగ్‌లో పెట్టినాడు. అంటే మిగిలినోళ్ళను కూడా ఇంకో అడుగు ముందుకు తోసినట్టే.

గోవిందరాజస్వామి గుడి రథం చూసుంటారు కదా, బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు. ముందర జనం తాళ్ళు పట్టుకొని గోవిందా గోవిందా అని లాగుతుంటారు. చక్రాల పక్కన కొందరు చేతుల్లో కట్టెలతో నడుస్తుంటారు. రథం పక్కకు ఒరిగినా, జోరు ఎక్కువైనా చక్రం కింద కట్టె తోసేది వాళ్ళే. మావాడి టీమ్‌లో ఆ కట్టెలోళ్ళు కూడా వచ్చి తాడు పట్టుకున్నారు.

తెర మీద: రెండో గోల్ పడకముందు మ్యాచ్ పాజ్.

గోల్ ఎట్లా పడిందో చూస్తూ కూర్చోవద్దు. మన కాలి నుంచి బంతి పోయిన క్షణం చూడండి. హైలైట్స్ ఎక్స్‌టెండెడ్‌లో (ఎక్కువ ఆట చూపించే సెట్టింగ్) పెట్టుకొని, బంతి పోగానే పాజ్ కొట్టి, బంతికి వెనక మనోళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఇక్కడ ఇద్దరు. వెనక మధ్యలో ఉండే సెంటర్ బ్యాక్‌లు, అంతే. ఎదురుగా ముగ్గురు పరిగెత్తుకుంటూ వస్తున్నారు. ఆ ఇద్దరినీ అమ్మి ఎవర్ని తెచ్చినా ఇదే కత.

మరి ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఏమైనారు? అసలు మోసం ఇక్కడే ఉంది. ఒకడు బాక్స్ టు బాక్స్, అంటే ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా తిరిగేవాడు, వాడు ముందుకు పోవడం సహజం. రెండోవాడు బాల్ విన్నింగ్ మిడ్‌ఫీల్డర్. పేరు చూసి కాపలాదారు అనుకుంటాం. నేనూ రెండు సీజన్లు అదే అనుకున్నాను. కానీ ఆ రోల్ పని బంతి ఎక్కడుంటే అక్కడికి ఉరికి మీద పడడం. కాపలా కాయాల్సినోడు దొంగ వెంట వీధి చివరి దాకా పోతే, ఇంటి తలుపు తెరిచే ఉంటుంది. డ్యూటీని డిఫెండ్‌కు మార్చినా వాడి ఉరుకుడు పూర్తిగా తగ్గదు.

నిజం ఆటలోనూ అంతే. 2022-23లో మూడు కప్పులు గెలిచిన మాంచెస్టర్ సిటీని చూడండి. కోచ్ గార్డియోలా జట్టంటే అటాక్ అనుకుంటాం. కానీ బంతి వాళ్ళ దగ్గరున్నప్పుడు వెనక ముగ్గురు, వాళ్ళ ముందు మిడ్‌ఫీల్డర్ రోడ్రీ, అతని పక్కకు వచ్చి చేరే డిఫెండర్ జాన్ స్టోన్స్. ఐదుగురు ఉండిపోయేవాళ్ళు. అందుకే మిగతా ఐదుగురు భయం లేకుండా పైన ఆడగలిగినారు.

తెర మీద: మార్పులు ఒక్కొక్కటిగా.

ముందు పాత ట్యాక్టిక్‌ను వేరే పేరుతో సేవ్ చేసుకోండి. రైట్ సైడ్‌ను నేను ముట్టుకోలేదు. ఇన్‌సైడ్ ఫార్వర్డ్ లోపలికి కోస్తాడు, ఖాళీ అయిన అంచులోకి వింగ్ బ్యాక్ పోతాడు. వాళ్ళిద్దరికీ బాగా కుదిరింది. బాల్ విన్నింగ్ మిడ్‌ఫీల్డర్‌ను తీసేసి, మామూలు సెంట్రల్ మిడ్‌ఫీల్డర్, డిఫెండ్ పెట్టినాను. వాణ్ణి కుడి వైపే నిలబెట్టినాను, ఎందుకంటే రైట్ బ్యాక్ వదిలిపెట్టిపోయే చోటు అదే.

లెఫ్ట్‌లో తిరగేసినాను. బ్యాక్‌ది ఫుల్ బ్యాక్, డిఫెండ్. ముందున్నవాడు ఎడమకాలి ఆటగాడు కాబట్టి వింగర్, సపోర్ట్. వెనకోడు కదలడు కాబట్టి ముందోడు అంచునే పట్టుకొని ఉండాలి, లేకపోతే ఆ వైపు గ్రౌండంతా ఖాళీ.

స్ట్రైకర్‌ను డీప్ లయింగ్ ఫార్వర్డ్, సపోర్ట్ చేసినాను. ఇంతకుముందు షాడో స్ట్రైకరూ వాడూ ఒకే చోటికి పరిగెత్తి ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకునేవాళ్ళు. ఇప్పుడు స్ట్రైకర్ కిందికి దిగుతాడు, అవతలి సెంటర్ బ్యాక్ వాడి వెంట వస్తే ఆ సందులోకి షాడో స్ట్రైకర్ దూరతాడు. మెంటాలిటీని అటాకింగ్ నుంచి ఒక మెట్టు దించి పాజిటివ్ చేసినాను. అటాక్ డ్యూటీలు ఆరు నుంచి మూడుకు వచ్చినాయి.

ఇంకొకటుంది. మావాడి సెంటర్ బ్యాక్‌ల పేస్ (పరుగు వేగం) 20కి 9, 10. వాళ్ళను పెట్టుకొని డిఫెన్సివ్ లైన్‌ను (వెనకోళ్ళు నిలబడే వరస) సెంటర్ లైన్ దాకా లాక్కొచ్చినాడు! దాన్ని స్టాండర్డ్‌కు దించినాను. దించేటప్పుడు లైన్ ఒక్కటే దించి పైన హై ప్రెస్ (అవతలోళ్ళ గోల్ వైపే బంతి కోసం మీద పడడం) అట్లే వదిలేస్తే, రెంటి మధ్య బస్టాండంత జాగా మిగిలిపోతుంది. కాబట్టి ప్రెస్‌ను కూడా మిడ్ బ్లాక్‌కు, అంటే గ్రౌండ్ మధ్యకు, తేవాలి.

నవంబర్ 2025లో వచ్చిన ఫుట్‌బాల్ మేనేజర్ 26 ఆడేవాళ్ళకు ఈ డ్యూటీలు కనపడవు. అందులో బంతి ఉన్నప్పుడు ఒక రోల్, లేనప్పుడు ఇంకో రోల్. అయినా ఆ పాజ్ కొట్టి లెక్కపెట్టే పని అట్లే చేయొచ్చు.

తెర మీద: 70వ నిమిషం, స్కోరు 0-1.

గోల్ కావాల్సి వస్తే మళ్ళీ అందరినీ పైకి తోయొద్దు. ఫస్ట్ లెఫ్ట్ బ్యాక్‌ను సపోర్ట్‌కు మార్చండి, పది నిమిషాలు చూడండి. అప్పటికీ రాకపోతే వింగర్‌కు అటాక్ ఇవ్వండి. ఆ డిఫెండ్ మిడ్‌ఫీల్డర్‌ను మాత్రం 90వ నిమిషం దాకా ముట్టుకోవద్దు. ఒరేయ్ చిత్తూరోడా, ఇది నీకే చెప్తున్నా.