గ్రాములో ఎకరం (ఎపిసోడ్ 23)

సునీత: నమస్కారం. ఈ వారం అంశం, స్ఫటికాలుగా అమరే చిల్లుల పాలిమర్లు. కోవలెంట్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్కులు, ల్యాబ్ భాషలో కాఫ్‌లు. డిజైన్ గురించి రాఘవన్న చెబుతాడు. అన్నా, సెంట్ల లెక్క మాత్రం వద్దు.

రాఘవ: డిజైన్‌దేముంది! మూడు చేతుల అణువుకు రెండు చేతుల అణువును కలిపితే తేనెపట్టు గళ్ళు. 2005లో రసాయన శాస్త్రవేత్త ఒమర్ యాఘీ బృందం చేసిన కాఫ్-5 అలాంటిదే. గ్రాముకు 1590 చదరపు మీటర్ల ఉపరితలం. అంటే 39 సెంట్లు.

సునీత: అయిపోయింది.

రాఘవ: 2007 నాటి కాఫ్-103కి 4210. ఎకరం దాటింది సునీతా, ఒక్క గ్రాములో!

సునీత: తయారీకి రా. ట్యూబ్‌ను మంటతో మూసి 120 డిగ్రీల ఓవెన్‌లో మూడు రోజులు... ఇంకెన్నాళ్ళిలా?

రాఘవ: ఎన్నాళ్ళైనా. బంధం తప్పుచోట పడితే ఊడాలి, మళ్ళీ పడాలి. కార్బన్, నైట్రోజన్ కలిసే ఇమైన్ బంధమైతే అందుకే కాస్త ఎసిటిక్ ఆమ్లం, కాస్త నీళ్ళు. తొందరపడితే స్ఫటికం కాదు, ఎక్స్‌రేలో సూదిగా పీక్ రాదు, మూపురం వస్తుంది.

సునీత: మరి 2017లో రసాయన శాస్త్రవేత్త రాహుల్ బెనర్జీ వాళ్ళు? పీటీఎస్‌ఏ అనే ఆమ్లం, నీళ్ళు పోసి ఇటుక మట్టిలా కలిపి కాల్చారు. సెకన్లలో స్ఫటికాలు!

రాఘవ: అందులో బంధం పడ్డాక కీటో అనే గట్టి రూపంలోకి మారి బిగుసుకుంటుంది. ఇక దిద్దుకోవడం ఎక్కడ?

సునీత: దిద్దుకోవడం ముందే అవుతుంది! అలా బిగుసుకోబట్టే కదా, 2012లో పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఎన్‌సీఎల్‌లో వాళ్ళు చేసినది 9 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ చెక్కుచెదరలేదు. నీ కాఫ్-5 నీళ్ళు తగిలితేనే విడిపోతుంది. 39 సెంట్లూ ముంపు భూమే అన్నా.

రాఘవ: (నవ్వు) సరేలే. (ఆగి) సోమవారం ట్యూబ్ కోశాను.

సునీత: పసుపుదా?

రాఘవ: చూడ్డానికి బంగారంలా ఉంది. ఎక్స్‌రేలో ఒట్టి మూపురం. మూసే ముందు ట్యూబ్‌ను గడ్డకట్టించి గాలి లాగాలి కదా, ద్రవం పూర్తిగా గడ్డకట్టకముందే పంపు వాల్వు తిప్పేశాను. సగం సాల్వెంట్ లాగేసింది.

సునీత: మూడు వారాలు కష్టపడి చేసిన లింకర్, ఆ కలిపే అణువు, అంతా అందులోనేనా?

రాఘవ: ఊఁ.

సునీత: ...నా దగ్గర 20 మిల్లీగ్రాములు మిగిలింది. కల్వంలో నూరి చూద్దామా?

రాఘవ: వద్దు. ట్యూబ్‌లోనే పెడదాం.

సునీత: మొండిఘటం!

రాఘవ: ఇంతకీ నువ్వు నూరిన పొడి ఎన్ని సెంట్లొచ్చింది?

సునీత: ఇంకా కొలిపించలేదు. ఉపరితలం కొలిచే నైట్రోజన్ మిషన్ దగ్గర క్యూ.

రాఘవ: సర్వేయర్ రాకుండానే ఇంత దబాయింపా!

సునీత: అన్నా, క్యూలో నా ముందున్నది నీ శాంపిళ్ళే. పన్నెండు.