క్లోటిల్డ్ పగ అబద్ధం! బర్గండీని మింగింది ఫ్రాంకుల భూదాహం

ఎవరికి కోపం వచ్చినా సరే, ఒక్క మాట గట్టిగా చెబుతాను. క్లోటిల్డ్ రాణి పగ అన్నది ఫ్రాంకులు (ఇప్పటి ఫ్రాన్స్ ఉత్తరాన్ని ఏలిన జర్మన్ తెగ) తమ దండయాత్రకు తొడిగిన ముసుగు!

కథ మీకు తెలిసిందే. రోమ్ కూలాక, ఇప్పటి ఫ్రాన్స్‌లోని రోన్ నది లోయను ఏలిన బర్గండీ రాజు గుండోబాద్, తోడబుట్టిన చిల్పెరిక్‌ను నరికి, అతని భార్య మెడకు రాయి కట్టించి నీళ్లలో తోయించాడట. వాళ్ల కూతురు క్లోటిల్డ్ ఫ్రాంకుల రాజు క్లోవిస్‌ను పెళ్లాడి, ఏళ్ల తర్వాత కొడుకుల్ని బర్గండీ మీదికి ఉసిగొల్పిందట. ఇది రాసిందెవరు? తూర్ బిషప్ గ్రెగరీ. బర్గండీ రాజ్యం 534లో పోతే, ఆయన పుట్టిందే 538లో! బతికిందీ ఫ్రాంకు రాజుల ఏలుబడిలోనే.

ఆ కాలపు మనిషి ఏమన్నాడో చూడండి. బర్గండీ రాజ్యంలోని వియెన్ ఊరి బిషప్ అవిటస్, కూతురు చనిపోయిన గుండోబాద్‌ను ఓదారుస్తూ రాసిన ఉత్తరంలో, అన్నదమ్ముల చావులకు మీరు కన్నీళ్లు పెట్టుకున్నారు అని గుర్తుచేశాడు. బిడ్డ పోయిన రాజుకి, ఆయనే చంపించిన తోబుట్టువుల్ని ఎవరైనా అలా గుర్తుచేస్తారా?

గుండోబాద్ చేతికి రక్తం అంటలేదని అనను. 500లో క్లోవిస్‌తో చేతులు కలిపిన ఇంకో సోదరుడు గోడెగిసెల్‌ను, వియెన్‌ను ముట్టడించి చంపాడు. అదే శతాబ్దపు బిషప్ మారియస్ రాసిన చరిత్రలోనూ అది ఉంది. ఆ ముట్టడి మాత్రం గ్రెగరీ నోటే వినాలి! తిండి చాలక గోడెగిసెల్ సామాన్యుల్ని ఊరి బయటికి గెంటించాడు. వాళ్లలో ఊరి నీటి కాలువను చూసుకునే ఇంజినీరు ఉన్నాడు. కడుపు మండి నేరుగా గుండోబాద్ దగ్గరికెళ్లి, ఆ కాలువ గుండానే సైన్యాన్ని లోపలికి నడిపించాడు.

సరే, అసలు కారణానికి వద్దాం. గుండోబాద్ 516లోనే పోయాడు. 522లో అతని కొడుకు సిగిస్మండ్ తన కన్నకొడుకు సిగెరిక్ గొంతు నులిమించాడు. ఆ కుర్రాడు ఎవరి మనవడు? ఇటలీని ఏలుతున్న థియోడోరిక్ మనవడు! అంతే, బర్గండీకి ఉన్న పెద్ద అండ తెగిపోయింది. మరుసటి ఏడాదే, 523లో, ఫ్రాంకులు వచ్చిపడ్డారు. సిగిస్మండ్‌ను పట్టుకుని, భార్యాబిడ్డలతో సహా చంపి బావిలో పడేశారు. 534లో రాజ్యాన్ని వాటాలేసుకున్నారు. తల్లి పగ కోసం వచ్చినవాళ్లకి వాటాలెందుకండీ?

మొగుడు పోయాక తూర్‌లో ప్రార్థనల్లో గడిపిన ఆడమనిషి నెత్తిన ఇంత రక్తం రుద్దారు. కాదంటారా? ఆమె బతికున్న రోజుల్లో, ఈ పగ గురించి ఎవరైనా రాసిన ఒక్క ఉత్తరం ఉంటే కామెంట్స్‌లో పెట్టండి. తర్వాతి వీడియోలో అందరి ముందూ చదువుతాను.