మొదటి సమావేశానికి వెళ్ళేవారి కోసం

సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం. తాగుడు మానాలని నిశ్చయించుకున్నవారు సహాయక బృందాల సమావేశాలను ఎలా వెతుక్కోవాలి, అక్కడ ఏం జరుగుతుంది అన్న విషయానికే ఈ ప్రసంగాన్ని పరిమితం చేస్తాను. మద్యం వల్ల కలిగే నష్టాలను ఏకరువు పెట్టను. అవి తాగేవారికి మనకన్నా బాగా తెలుసు.

ముందుగా ఒక హెచ్చరిక. ఎంతోకాలంగా రోజూ ఎక్కువ మోతాదులో తాగుతున్నవారు ఒక్కసారిగా ఆపేస్తే, కొందరికి మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛలు, ఆ తర్వాత తీవ్రమైన మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు. కనుక అటువంటివారు వైద్యుణ్ణి సంప్రదించాకే మానాలి. సమావేశం వైద్యానికి బదులు కాదు. చికిత్స ముగించుకుని ఇంటికి వచ్చాక గడపవలసిన నెలలకు, ఏళ్ళకు అది అండ.

ఈ సమావేశాల పుట్టుక తెలిస్తే కొత్తవారి బెరుకు కొంత తగ్గుతుంది. 1935లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పనిమీద అమెరికాలోని ఏక్రన్ నగరానికి వెళ్ళారు. అప్పటికి కొన్ని నెలలుగా మద్యం ముట్టని ఆయన, తలపెట్టిన వ్యవహారం బెడిసికొట్టడంతో మళ్ళీ తాగుతానేమోనని భయపడి, తనలాంటి మరొకరితో మాట్లాడితే తప్ప నిలదొక్కుకోలేనని గ్రహించి, వాకబు చేసి, తాగుడుతో సతమతమవుతున్న శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్‌ను కలుసుకున్నారు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంస్థ అక్కడే మొదలైంది. ఇందులో గమనించవలసినది ఒకటుంది: ఆయన వెళ్ళింది ఎదుటివారిని ఉద్ధరించడానికి కాదు, తాను తాగకుండా ఉండడానికి. అందుచేత మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టేవారు తాము ఎవరికో భారమవుతున్నామని అనుకోనక్కరలేదు. పాతవారు నిలబడడానికి కొత్తవారి అవసరం ఉంది.

సమావేశాన్ని వెతకడం నేడు కష్టమైన పని కాదు. ఈ సంస్థ వెబ్‌సైట్‌లోనూ ఫోన్ యాప్‌లోనూ ఊరి పేరు ఇస్తే వేళలు, చిరునామాలు వస్తాయి; బయటికి వెళ్ళలేనివారికి ఆన్‌లైన్ సమావేశాలున్నాయి. జాబితాలో ‘ఓపెన్’ అని ఉంటే బంధుమిత్రులు సహా ఎవరైనా రావచ్చు. ‘క్లోజ్డ్’ అంటే మద్యం సమస్య ఉండి మానాలనుకునేవారికి మాత్రమే. జాబితాలోని వేళలు ఒక్కోసారి మారిపోయి ఉంటాయి కాబట్టి, బయలుదేరే ముందు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. ఎంతో ధైర్యం కూడగట్టుకుని వెళ్ళిన మనిషికి తలుపుకు తాళం కనబడితే మళ్ళీ బయలుదేరడం అంత తేలిక కాదు.

సమావేశం సాధారణంగా గంట, గంటన్నర సాగుతుంది. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు వింటారు. చాలాచోట్ల మధ్యలో అడ్డురావడం, సలహాలివ్వడం మర్యాదగా భావించరు. మీ వంతు వచ్చినప్పుడు ‘ఈరోజుకు వింటాను’ అంటే చాలు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు. సభ్యత్వ రుసుము లేదు. చందా కోసం ఒక బుట్టో సంచో చేతులు మారుతుంది గానీ, అందులో వేయాలన్న నియమమూ లేదు. సభ్యత్వానికి కావలసినదల్లా తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. తెలిసినవారెవరైనా కనబడితే ఎలా అన్న సంకోచం చాలామందికి ఉంటుంది. వారు ఎందుకొచ్చారో కూడా ఒక్కసారి ఆలోచించండి.

మొదటి సమావేశం నచ్చకపోవచ్చు. ఒకచోట అందరూ వయసు మళ్ళినవారే ఉంటారు, మరొకచోట ప్రార్థనలు ఎక్కువనిపిస్తాయి. దాన్నిబట్టి పద్ధతి మొత్తాన్ని కొట్టిపారేయడం తొందరపాటని నా అభిప్రాయం. ఏ బృందం తీరు దానిదే, కనుక కనీసం నాలుగైదు చోట్లకు వెళ్ళి చూడాలి. దైవప్రస్తావన ఇబ్బందిగా ఉన్నవారికి ఆలోచనల్ని, అలవాట్లను సరిదిద్దుకునే మానసిక శాస్త్ర పద్ధతులపై 1994 నుంచి నడుస్తున్న స్మార్ట్ రికవరీ ఉంది. కేవలం స్త్రీల కోసం 1975లో ఏర్పడిన విమెన్ ఫర్ సోబ్రయిటీ ఉంది. ఇలాంటి సమావేశాలవల్ల నిజంగా ఫలితముంటుందా అన్న ప్రశ్న సమంజసమైనదే. పది వేలమందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువడిన, వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ వారి సమీక్ష, ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు పద్ధతి ప్రకారం చేరువ చేసే చికిత్సలు, పూర్తిగా మానివేసి ఉండే విషయంలో ఇతర గుర్తింపు పొందిన చికిత్సలకన్నా మెరుగైన ఫలితాలిచ్చాయని తేల్చింది. అందరికీ పనిచేస్తుందని మాత్రం దాని అర్థం కాదు.

నన్నడిగితే, సమావేశంలో అసలైన మేలు చాలావరకు అది ముగిశాక జరుగుతుంది. వెంటనే లేచి వెళ్ళిపోకుండా పది నిమిషాలు ఆగి, మాటలు నచ్చిన ఒకరిద్దరి ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి. ఏమీ తోచని మామూలు రోజున ఒకసారి పలకరించి ఉంచుకుంటే, తాగాలన్న కోరిక ముంచుకొచ్చిన రోజున ఆ నంబరుకు ఫోన్ చేయడానికి చెయ్యి వెనకాడదు. ఫోన్ చేయవలసింది గ్లాసు పట్టుకోకముందు. ఒకవేళ తాగడం జరిగిపోయినా, మరుసటి సమావేశానికి వెళ్ళడానికి అదేమీ అనర్హత కాదు. ఎన్నిసార్లు తిరిగి వెళ్ళినా కుర్చీ చూపిస్తారు.

కుటుంబసభ్యులకు ఒక మాట. మీకోసం 1951లో ఏర్పడిన అల్-అనాన్ బృందాలు వేరుగా ఉన్నాయి. ఇంట్లో తాగేవారు మానినా మానకపోయినా మీరు వెళ్ళవచ్చు. మీ మనిషి సమావేశం నుంచి ఇంటికి వచ్చినప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నారు, ఎవరేం చెప్పారు అని మాత్రం ఆరా తీయకండి. ఆ గదిలో విన్నది బయట చెప్పబోమన్న మాట మీద వారు అక్కడ కూర్చుని వచ్చారు.