అక్టోబరు ఎండ, ఒంట్లో పైత్యం: మన శరదృతువుకి మన ఆయుర్వేదం

[తెర మీద: మిట్టమధ్యాహ్నం. సిగ్నల్ పడింది. బైకులవాళ్లంతా ఇరవై అడుగులు వెనకే, ఫ్లైఓవర్ నీడలో ఆగిపోయారు.]

నమస్కారమండీ. వానలు వెనక్కి తగ్గాయి. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కానీ మధ్యాహ్నం బయటికెళితే మాడు పగిలిపోతోంది. భూగోళం పుస్తకాల్లో దీనికి అక్టోబరు వేడిమి అని పేరే ఉంది. నేలలో వానల తడి అలాగే ఉంటుంది, పైన మబ్బు ఉండదు. అందుకే ఎండతోపాటు ఉక్క కూడా.

ఇప్పుడు యూట్యూబ్‌లో ‘ఆటమ్ ఆయుర్వేద’ అని కొట్టి చూడండి. వచ్చిన వీడియోల్లో ఎక్కువ భాగం ఒకటే మాట చెబుతాయి. ఇది వాతం పెరిగే కాలం, ఒంటికి నువ్వుల నూనె పట్టించండి, శొంఠి టీ తాగండి, వేడివేడి సూపులు చేసుకోండి, ఉన్ని మేజోళ్లు వేసుకోండి అని. వెనకాల ఎర్రటి మేపుల్ ఆకులు రాలుతుంటాయి. ఆ సలహా తప్పని నేననను. చెప్పినావిడ ఉన్న ఊరికి అది సరైనదే. విజయవాడలో కూర్చుని దాన్ని పాటిస్తే మాత్రం అగ్నికి ఆజ్యం పోసినట్టే. (నిజానికి ఆజ్యం ఈ కాలానికి మంచిదే. ఆ సంగతి వంటింట్లోకి వెళ్లాక చూద్దాం.)

[తెర మీద: పంచాంగం పేజీ. ఆశ్వయుజం, కార్తికం అనే పేర్ల మీద వేలు.]

మనకి శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తికం. బతుకమ్మ, దసరా, అట్లతద్ది, దీపావళి, వనభోజనాలు అన్నీ ఈ రెండు నెలల్లోనే. ఈ కాలం గురించి చరక సంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయం సూటిగా చెబుతుంది. వానాకాలపు చలువకి అలవాటు పడిన ఒంటి మీద ఒక్కసారిగా సూర్యకిరణాలు పడతాయి. అప్పటిదాకా లోపల పోగుపడిన పిత్తం (మన వాడుకలో పైత్యం) శరత్తులో రేగుతుంది. అంటే శరత్తు పిత్తకాలం. వాతం కాదు.

ఇందులో ఒక లెక్క ఉంది. వాతం, పిత్తం, కఫం అనే మూడింటినీ ఆయుర్వేదం దోషాలంటుంది. దాని ప్రకారం దోషం మొదట పోగవుతుంది, తర్వాత రేగుతుంది, ఆ తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. వాతం ఎండాకాలంలో పోగై, వానాకాలంలో రేగి, శరత్తుకి సర్దుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వానల్లో పడ్డ బాధ దసరాకి కాస్త తగ్గిందంటారు చూడండి, ఈ లెక్కకి అది సరిపోతుంది. పిత్తం వానాకాలంలో పోగవుతుంది. అప్పుడు జఠరాగ్ని మందంగా ఉంటుంది, తిన్నది పులుపు వైపు తిరుగుతుంది. శరత్తులో రేగుతుంది. చలి ముదిరాక సర్దుకుంటుంది.

రేగితే ఎలా తెలుస్తుంది? మీకు తెలిసినవే. వేడి చేసిందంటాం కదా, అదంతా. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, నోట్లో పొక్కులు, కళ్లమంట, అరికాళ్ల మంట, ఒంటి మీద దద్దుర్లు. మజ్జిగలో ఉప్పు తక్కువైనందుకు ఇంట్లోవాళ్ల మీద ఇంతెత్తున లేవడం కూడా ఇందులోకే వస్తుంది.

ఒక మాట ముందే చెప్పుకుందాం. పిత్తం ఎంతుందో చెప్పే రక్తపరీక్ష లేదు. ఇది వందల ఏళ్లుగా మనుషుల్నీ, కాలాల్నీ గమనించి కట్టుకున్న పద్ధతి. మందుల్ని పరీక్షించినట్టు ఋతుచర్యను, అంటే కాలాన్ని బట్టి తిండీ నడతా మార్చుకునే ఈ పద్ధతిని, మొత్తంగా పరీక్షించి తేల్చారని నేను చెప్పను. అయితే ఇందులో మనం ఇంట్లో చేసుకునేవి కారం తగ్గించడం, ఎండ తప్పించుకోవడం, కడుపులో కాస్త ఖాళీ ఉంచడం లాంటివే. వాటితో నష్టపోయేదేమీ లేదు.

[తెర మీద: రెండు తెలుగు రాష్ట్రాల పటం. ఈశాన్యం నుంచి బాణాలు నెల్లూరు, తిరుపతి వైపు.]

ఇంకో చిక్కు. మనలో అందరికీ శరత్తు ఒకేలా ఉండదు. నెల్లూరు, తిరుపతి వైపు అసలు వానలు మొదలయ్యేదే అప్పుడు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ దంచికొడతాయి. నిజామాబాదులో ఆకాశం తేటపడితే, సూళ్లూరుపేటలో గొడుగు విప్పాలి. పంచాంగంలో శరత్తు ఉన్నా మీ వాకిట్లో వాన కురుస్తుంటే, వానాకాలం పద్ధతే ఇంకొన్నాళ్లు నడపండి: వేడిగా, తేలిగ్గా, అప్పటికప్పుడు వండుకున్నది. అమెరికాలో ఉన్నవాళ్లకీ ఇదే మాట. అక్టోబరు మొదట్లో డాలస్‌లో ఇంకా ఎండే, కాబట్టి మీరు మాతోనే. న్యూజెర్సీలో నెలాఖరుకి గాలి చల్లగా, పొడిగా మారి పెదాలు పగులుతుంటే అది వాత లక్షణమే. ఆ మేపుల్ ఆకుల వీడియో మీకు పనికొస్తుంది.

మిగతావాళ్లం వంటింట్లోకి పోదాం.

[తెర మీద: ఆవకాయ జాడీ మూత తీస్తున్న చెయ్యి. దగ్గరగా.]

దీన్ని చూడగానే మీకు కోపం రావచ్చు, కానీ చూపించక తప్పదు. ఆవకాయలో ఏమున్నాయి? ఆవపిండి, కారం, ఉప్పు, పుల్లమామిడి, నువ్వుల నూనె. పిత్తాన్ని పెంచే రుచులు మూడు: పులుపు, ఉప్పు, కారం. మూడూ ఇందులోనే ఉన్నాయి. పైగా ఆవా, నువ్వుల నూనే రెండూ వేడి గుణమున్నవి. శరత్తులో వద్దన్నవన్నీ ఏరి ఒకే జాడీలో పెట్టినట్టుంది! పారేయమనడం లేదు. ఈ రెండు నెలలూ రోజూ తీసే జాడీని పై అరలోకి ఎక్కించండి, అంతే. గోంగూర, చింతపండు పులుసులు కూడా రోజు మార్చి రోజు కాకుండా వారానికోసారి చాలు.

మరి ఏం తినాలి? తీపి, చేదు, వగరు. చరకుడు తియ్యగా, తేలిగ్గా, చలవగా, కాస్త చేదుగా ఉన్నది తినమన్నాడు. వరి, గోధుమ, యవలు (బార్లీ) మంచివన్నాడు. వాగ్భటుడి అష్టాంగ హృదయంలో ఇంకా మన వంటింటికి దగ్గరైన పేర్లు కనబడతాయి: పెసలు, ఉసిరి, పటోలం, పంచదార, తేనె. పటోలం మన పొట్లకాయ కుటుంబానిదే. పటికబెల్లం, దానిమ్మ, కొబ్బరి, సొరకాయ, బీరకాయ కూడా ఈ దారిలోవే. ఇక మహబూబ్‌నగర్ బుట్టల్లో వచ్చే సీతాఫలం చరకుడికి తెలీదు, అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన పండు. పచ్చిమిరపకాయ వచ్చిందీ అక్కణ్ణుంచే. ఒకటి చలవ, ఒకటి మంట. మనం రెండింటినీ దత్తత తీసుకున్నాం.

చేదు అనగానే కాకరకాయ గుర్తొస్తుంది. కానీ మన ఇళ్లలో దాన్ని ఉప్పు రాసి పిండుతాం, మజ్జిగలో ఉడికిస్తాం, చింతపండూ బెల్లం దట్టిస్తాం, చివరికి నూనెలో వేయించి ఆ చేదు ఆనవాలు లేకుండా చేస్తాం. పనికొచ్చేదే ఆ చేదు కదండీ! ఈ కాలంలో సగమైనా ఉంచండి.

[తెర మీద: బాణలి. పక్కన లేత పొట్లకాయ ముక్కలు, నానబెట్టిన పెసరపప్పు.]

ఒక కూర చేసి చూపిస్తాను. పావుకిలో లేత పొట్లకాయ, పిడికెడు పెసరపప్పు. పప్పు అరగంట నానాలి. పొట్లకాయ లోపలి గింజలు, దూది తీసేసి సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచి నీరు పిండండి. పొట్లకాయ పసరు వాసన ఆ నీటితోనే పోతుంది. బాణలిలో చెంచాడు నెయ్యి, జీలకర్ర, కరివేపాకు. ఆవాలూ, ఎండుమిర్చీ ఈసారికి మానేద్దాం. ముక్కలు వేసి మూతపెట్టి, మెత్తబడ్డాక పప్పు వేసి నీళ్లు చిలకరించండి. పప్పు వేళ్ల మధ్య నొక్కితే విరగాలి కానీ ముద్ద కాకూడదు. దించేముందు పచ్చికొబ్బరి కోరు. కారం లేకపోతే ముద్ద దిగదనేవాళ్లు చిటికెడు మిరియాల పొడితో సరిపెట్టుకోండి.

నెయ్యి సంగతి చెబుతానన్నాను కదా. నూనెల్లో చాలావరకు పిత్తానికి పడవు కానీ, ఆవునెయ్యి పిత్తాన్ని శాంతింపజేస్తుందని ఆయుర్వేదం మాట. శరత్తులో వైద్యులు ఇచ్చే మొదటి మందు కూడా నెయ్యే, చేదు మూలికలతో కాచిన తిక్తక ఘృతం. మనకి మాత్రం వేడన్నంలో ఓ చెంచాడు మామూలు నెయ్యి చాలు.

ఇక అసలు గొడవ: పెరుగు. శరత్తులో పెరుగు వద్దని చరకుడూ చెప్పాడు, వాగ్భటుడూ చెప్పాడు. పెరుగన్నంతో ముగియని భోజనం తెలుగువాడికి భోజనమే కాదని వాళ్లకి ఎవరు చెప్పాలి! చూడ్డానికి చలవగా ఉన్నా పెరుగు కడుపులో పులుపు వైపు పోతుందని వాళ్ల లెక్క. మానలేనివాళ్లకి ఆ గ్రంథాలే కొంత వెసులుబాటు ఇచ్చాయి. పెరుగు ఎప్పుడు తిన్నా ఉత్తిగా తినొద్దు, పెసరకట్టో, ఉసిరికాయో, నెయ్యీ పంచదారో తోడుండాలి, రాత్రిపూట అసలొద్దు అన్నాయి. నా సలహా: మధ్యాహ్నం పూట, ఆ రోజు తోడుకున్న తియ్యటి పెరుగు, పక్కన ఉసిరి ముక్క. రాత్రికి పాలన్నం.

[తెర మీద: తెల్లవారుజాము. దక్షిణ దిక్కు. ఇళ్ల కప్పుల మీద ఒక ప్రకాశవంతమైన చుక్క.]

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. అక్టోబరు మధ్యలో తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో మేడ మీదకెళ్లి సరిగ్గా దక్షిణం వైపు తిరగండి. పైన బాగా మెరిసేది సిరియస్. దాని కింద, ఆకాశం అంచుకి కాస్త పైన కనిపించేదే అగస్త్య నక్షత్రం. నక్షత్రాల్లో సిరియస్ తర్వాత అంత మెరిసేది అదే. గ్రంథాల ప్రకారం, వానల్లో బురదగా పారిన నీళ్లు పగలు సూర్యుడికి కాగి, రాత్రి చంద్రుడికి చల్లారి, అగస్త్యుడు ఉదయించాక విషం పోయి తేటపడతాయట. వాటిని హంసోదకం అన్నారు. తాగడానికీ, స్నానానికీ, మునగడానికీ అమృతంతో సమానమన్నారు. నిజంగా గమనించిన విషయమే అది. వరద తగ్గాక ఏటి నీటిలో ఒండ్రు అడుక్కి దిగుతుంది, నీరు తేరుతుంది. కానీ అది కాలువల్లో డ్రైనేజీ కలవని కాలం. ఈ వీడియో చూసి మూసీలో దోసిలి పట్టకండి! కాచి, కుండలో చల్లార్చిన నీళ్లు తాగండి. ఎండలో తిరిగొచ్చి ఫ్రిజ్‌లోని బాటిల్ ఎత్తి గటగటా దింపకండి.

దినచర్యలో మార్పులు కొద్దివే. మధ్యాహ్నం ఎండకి పోవద్దు, పగటి నిద్ర వద్దు, తెల్లవారుజాము మంచులో నెత్తికేమీ లేకుండా తిరగొద్దు. సాయంత్రం చీకటి పడ్డాక కాసేపు వెన్నెల్లో కూర్చోమన్నారు, ఇంత సుఖమైన వైద్యం ఇంకెక్కడుంది! తలకి కొబ్బరి నూనె. నరకచతుర్దశి నాడు నువ్వుల నూనె పెట్టుకుని, సున్నిపిండితో నలుగు పెట్టుకుంటాం కదా అంటారా? ఆ ఒక్క రోజుకి ఏమీ కాదు, మానకండి.

కార్తిక సోమవారాల దగ్గర మాత్రం నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. పొద్దుట నుంచి నక్షత్రాలు కనిపించేదాకా ఉపవాసమంటారు, మధ్యలో కాఫీ మీద కాఫీ దింపుతారు, రాత్రి ఎనిమిదింటికి పులిహోర, గారెలు. ఖాళీ కడుపులో కాఫీ పోస్తే మంట రాదా మరి? ఎసిడిటీ ఉన్నవాళ్లు పాలు, పండు తీసుకుని ఉపవాసం చేయండి. షుగరు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు మొదలుపెట్టొద్దు.

[తెర మీద: హోస్ట్, నేరుగా కెమెరా వైపు.]

శరత్తులో విరేచనం, రక్తమోక్షణం (ఒంట్లోంచి రక్తం తీయడం) కూడా గ్రంథాలు చెప్పాయి. ఇవి ఇంట్లో చేసుకునేవి కావు. సునాముఖి ఆకు కొని, కషాయం కాచుకుని, కడుపు కడిగేసుకుంటామనేవాళ్లు ఆ పని మానండి. అర్హతున్న ఆయుర్వేద వైద్యులు నాడి, బలం, వయసు చూసి, ముందు స్నేహపానం (మందు నెయ్యి తాగించడం) చేయించి అప్పుడు విరేచనం ఇస్తారు. గర్భిణులకీ, బలహీనులకీ ఇవ్వరు. ఆన్‌లైన్లో దొరికే భస్మాలూ వద్దు.

ఇంకొకటి. వానలు తగ్గాక డెంగీ పెరిగే కాలం కూడా ఇదే. జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు విరిగినట్టుండటం, దద్దుర్లు, వీటిని వేడి చేసిందని కొట్టిపారేసి బార్లీ నీళ్లు తాగుతూ కూర్చోకండి. రక్తపరీక్ష చేయించండి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. చిగుళ్ల నుంచి రక్తం, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే నేరుగా ఆసుపత్రికే.

ఇక చివర్లో వచ్చే గండం యమదంష్ట్ర. కార్తికంలో ఆఖరి ఎనిమిది రోజులు, మార్గశిరంలో మొదటి ఎనిమిది రోజులకి శార్ఙ్గధర సంహిత రాసిన శార్ఙ్గధరుడు ఆ పేరు వాడాడు. ఆ పదహారు రోజులూ కొద్దిగా తిన్నవాడే బతుకుతాడని హెచ్చరించాడు. మన వనభోజనాల హడావిడి, మిగిలిపోయిన మిఠాయి డబ్బాలు, పెళ్లి విందులు అన్నీ దాదాపు అక్కడికే వచ్చి పడతాయి. విందుకి వెళ్లండి. విస్తట్లో రెండోసారి వడ్డించబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టండి.

చలి మొదలవగానే ఒక్క రోజులో తిండి మార్చేయకండి. ఋతువు మారే ఆ పద్నాలుగు రోజుల్లో పాత అలవాటు పావు వంతు చొప్పున తగ్గిస్తూ, కొత్తది పావు వంతు చొప్పున కలుపుతూ రమ్మంటుంది వాగ్భటుడి పద్ధతి. మార్గశిరం నడిమికి ఆకలి దానంతటదే పెరుగుతుంది. అప్పటికి మినుములు నానబెట్టి, సున్నుండలకి నెయ్యి కాచి పెట్టుకోండి. హేమంతం వీడియోలో ఆ లెక్క చూద్దాం.